ఏ నాలుగు?

తాను ఏదో ఒక రోజు పనికి వెళ్ళి తిరిగి రాకపోతే, చంటిది ఆకలికి గుక్కపట్టి ఏడ్చేదాకా ఆ సంగతి ఎవరికీ తెలియదేమోనని డిటెక్టివ్‌కి భయం. ఈ ఉద్యోగంలో ఆమె కత్తులు చూసింది, శవాలు చూసింది, ఒకసారి మేడ మీంచి తోసేస్తే పిట్టగోడ పట్టుకుని వేలాడింది. అవన్నీ ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు. ఎనిమిది నెలల కూతుర్ని పొద్దున్నే అక్క చేతిలో పెట్టి మెట్లు దిగుతుంటే చాలు, చెవిలో జోరీగలా మొదలవుతుంది.

అందుకే నిన్న సాయంత్రం బల్ల మీద పడ్డ ఫైలు మొదటి పేజీ దగ్గరే ఆమె ఆగిపోయింది. కనపడకుండా పోయినామె ఒక పెద్ద స్టోరులో నాలుగో కౌంటరు దగ్గర బిల్లులు కొడుతుంది. మూడంతస్తుల స్టోరు, నూట అరవై మంది స్టాఫు. మంగళవారం పొద్దున డ్యూటీకి వెళ్ళింది, మళ్ళీ ఇంటి గుమ్మం తొక్కలేదు. మొగుడు లారీ మీద ఎక్కడో దూరాన ఉన్నాడు. ఇంట్లో అయిదు నెలల పాప. ఫిర్యాదు ఇచ్చింది అత్తగారు. "మా కోడలు పాలవేళ దాటనివ్వదు. రాలేదంటే రాలేకే" అని ఆవిడ రాయించిన మాటని ఎవరో పోలీసు గీత పెట్టి కొట్టేశాడు, అనవసరమని.

ఇవాళ గురువారం. పాప సీసా పాలు ఉమ్మేస్తోందనీ, చెంచాతో పంచదార నీళ్ళు పోసి నెట్టుకొస్తున్నాననీ పొద్దున ఫోనులో చెప్పిందావిడ. గొంతులో ఏడుపు ఎప్పుడో ఇంకిపోయింది, మిగిలింది విసుగు. ఇదే మాట ఎంతమందికి చెప్పాలమ్మా అని ఫోను పెట్టేసింది.

పదిన్నరకి డిటెక్టివ్ స్టోరు సెక్యూరిటీ గదిలో ఉంది. అక్కడి భద్రత చూసే పెద్దమనిషిని స్టాఫు చాటుగా గద్ద అంటారు. రిటైరయ్యేదాకా పోలీసు శాఖలోనే చేశాడు. డిటెక్టివ్ శిక్షణలో ఉన్నప్పుడు పాఠాలు చెప్పింది ఆయనే. ఆ రోజుల్లో అమ్మాయ్ అనేవాడు, ఇప్పటికీ అదే పిలుపు. ఆయన గది తలుపు దానంతటది మూసుకుపోతుందని కాబోలు, అడ్డంగా ఓ ఇటుక పెట్టి ఉంది. ఇటుకకి అడుగు వదిలి పసుప్పచ్చని మెత్తటి గుడ్డ చుట్టారు, గుడ్డ నిండా చిన్న చిన్న బాతులు. అలాంటి గుడ్డలే అరడజను ఆమె పొద్దున ఉతికి ఆరేసి వచ్చింది. ఇంత రాతిమనిషికీ మనవలున్నారు కాబోలు అనుకుని, ఇటుక దాటి లోపలికి వెళ్ళింది.

గద్ద ముందే అన్నీ సిద్ధం చేసి పెట్టుకున్నాడు. పోలీసులకి పని తగ్గిద్దామని స్టాఫు వాంగ్మూలాలు కూడా తనే రాయించేశానన్నాడు. మంగళవారం ఎనిమిదిన్నరకి నాలుగో నెంబరు బ్యాడ్జి లోపలికి పంచ్ అయింది. రోజంతా కౌంటరు తెరిచే ఉంది. సాయంత్రం ఆరూ ఏడు నిమిషాలకి బ్యాడ్జి బయటికి పంచ్ అయింది. వెనక గేటు కెమెరాలో బొమ్మ కూడా ఉంది: నీలం ఏప్రన్, టోపీ, మాస్కు పెట్టుకున్న ఆడమనిషి. తిండి సామాను అమ్మే అంతస్తు కాబట్టి టోపీ, మాస్కు తప్పనిసరి. వాంగ్మూలాలు పదిహేడు. పదిహేడింటిలోనూ ఒకటే మాట, అచ్చుగుద్దినట్టు: నాలుగో నెంబరు సాయంత్రం ఆరు వరకు డ్యూటీలో ఉన్నది.

"ఆరూ ఏడుకి మా గడప దాటింది," అన్నాడు గద్ద. "గడప ఇవతల నా బాధ్యత, అవతల మీది. కాపరం నచ్చక వెళ్ళిపోయే ఆడవాళ్ళు ఈమెతో మొదలా, ఈమెతో ఆఖరా?"

"అయిదు నెలల పిల్లని వదిలేసా సార్?"

"అమ్మాయ్, నీకు పాఠం చెప్పినప్పుడు ఏమన్నాను? కేసులోకి నీ ఇంటిని మోసుకురాకు అన్నానా లేదా?"

ఆమె పళ్ళు బిగబట్టింది. మంగళవారం సాయంత్రం ఆయన ఎక్కడున్నాడని మాత్రం అడిగింది. ఐదున్నరకే వెళ్ళిపోయానన్నాడు. మర్నాడు పై ఆఫీసు వాళ్ళు తనిఖీకి వస్తున్నారని తెల్లారకుండానే రావాల్సి వచ్చిందట. అది చెబుతుండగానే ఆమె ఫోను మోగింది. పై అధికారి. మధ్యాహ్నానికల్లా ఆ ఫైలు మూసేయమన్నాడు, పెద్దాయన అన్నీ తేల్చి ఇచ్చాక ఇంకా అక్కడ కొండను తవ్వడం దేనికన్నాడు. ఆమె ఫోను పెట్టేసేసరికి గద్ద కిటికీలోంచి ఎటో చూస్తున్నాడు. ఆ ఫోను ఎవరు చేయించారో వేరే అడగక్కర్లేదు.

పంచ్ కాగితం మాత్రం ఆమె తీసుకుంది. గేటు దగ్గర నడుస్తూనే చూసుకుంది. ఆరూ ఏడు, నాలుగు. దాని కిందే ఇంకో వరుస: ఆరూ ఏడు, తొమ్మిది. ఒకే నిమిషంలో ఇద్దరు. కెమెరా బొమ్మలో మనిషి ఒక్కతే. తర్వాతి బొమ్మ చూపించమంటే, అది మిషనులో చెరిగిపోయిందన్నాడు గద్ద, వెంటే నడుస్తూ. ఆమె ఎటు తిరిగితే అటు తిరుగుతున్నాడు.

స్టాఫు లాకర్లు మెట్ల కింద ఉన్నాయి. నాలుగో నెంబరు లాకరు ఇదివరకే గద్ద తెరిచి, ఉన్న వస్తువులు తన చేత్తో రాసి తలుపుకి అంటించాడు. ఫోను, చెప్పులు, దువ్వెన, నీళ్ళ సీసా, మురికి గుడ్డలు రెండు.

ఫోను వదిలేసి ఎలా వెళ్తుందని అడిగింది. పారిపోయేవాళ్ళు ఫోను పట్టుకుపోతారా అన్నాడు. మరి చెప్పులు? స్టోరువాళ్ళిచ్చిన నల్లబూట్లు కాళ్ళకే ఉన్నాయి కదా అన్నాడు. ఏ ప్రశ్న వేసినా జవాబు నాలిక చివర ఉంది. మనిషి పోయిందన్న బాధ ఎక్కడా కనపడదు, ప్రశ్న ఖాళీగా ఉండిపోతుందన్న కంగారే.

ఆమె ఆ గుడ్డలు చేతిలోకి తీసుకుంది. అరచేతిలో పట్టేంత గుండ్రటి మెత్తలు, పాత చీర మడతపెట్టి కుట్టినవి. గంజి పెట్టినట్టు బిరుసెక్కాయి. వాసన చూడక్కర్లేకపోయింది. పొద్దున్నించీ తన జాకెట్టులో పెట్టుకున్నవి కూడా ఇలాంటివే, ఈ పాటికి తడిసి ఒంటికి అంటుకుపోతున్నాయి. పదింటికి ఇవ్వాల్సిన పాలు ఇవ్వకుండా ఆమె ఇక్కడ ఈయన పాఠాలు వింటోంది.

"ఇవి మురికి గుడ్డలు కాదు సార్. పాలు."

"పాలైతే ఏంటి?"

అది అడిగిన తీరుకి ఆమెకి ఒళ్ళు మండింది. అయినా నిమ్మళంగానే చెప్పింది. సీసా ముట్టని పాప ఉన్న తల్లికి డ్యూటీ మధ్యలో ఒక్కసారైనా పిండుకోకపోతే రొమ్ములు రాళ్ళు కట్టి జ్వరం వస్తుంది. మరి ఆమె ఎక్కడ పిండుకునేది? బాత్రూముకి టోకెను పట్టుకుని వెళ్ళాలి, ఏడు నిమిషాలు దాటితే సూపర్‌వైజరు బయట నిలబడి తలుపు కొడుతుంది. కౌంటరు పన్నెండు నిమిషాలు ఖాళీగా ఉంటే మిషనే అరుస్తుంది. ఇవన్నీ గోడ మీద రూల్సు బోర్డులోనే ఉన్నాయి, ఆమె లోపలికి వస్తూనే చదివింది.

గద్ద నవ్వాడు. తమ స్టోరులో చంటిపిల్లల తల్లులెవరూ లేరన్నాడు. ఏడాది లోపు బిడ్డ లేదని సంతకం పెట్టించుకున్నాకే కౌంటరు ఇస్తారట. అంటే ఆమె అబద్ధమాడి సంతకం పెట్టింది. అంటే ఆ విషయం తెలిసిన తోటివాళ్ళు కూడా ఆ అబద్ధంలో ఉన్నట్టే. ఇప్పుడు నోరు తెరిస్తే తిలాపాపం తలా పిడికెడు. పదిహేడు వాంగ్మూలాలు ఒకే ముక్కలా ఎందుకున్నాయో డిటెక్టివ్‌కి అప్పుడు కొంచెం అర్థమైంది. కొంచెమే.

పదకొండున్నరకి ఆమె కౌంటర్ల దగ్గరికి వెళ్ళింది. గద్దకి అప్పుడే సూపర్‌వైజరు ఏదో పని చెప్పడంతో వెనకబడ్డాడు. ఐదో కౌంటరులో నలభై అయిదేళ్ళావిడ ఉంది, అందరికీ ఐదు అక్క. కౌంటర్లలో కుర్చీలు లేవు, కూర్చుంటే నవ్వు ముఖం రాదని రెండేళ్ళ క్రితం తీసేశారట. ఐదు అక్క ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటూ, సామాను మిషను ముందు తిప్పుతూ, డిటెక్టివ్ వైపు చూడకుండానే జవాబులు చెప్పింది.

ఉందండీ, నాలుగు ఉంది. ఆరు దాకా ఉంది. రాసిచ్చాం కదండీ. మంచిదేనండీ పిల్ల. ఇంట్లో గొడవలా? మాకేం తెలుస్తాయండీ, ఇక్కడ ఊపిరి పీల్చుకోవాలన్నా టోకెనే. చేతిసంచి తెచ్చారా, స్టోరు సంచి ఇవ్వనా అని మధ్యలో కొనేవాళ్ళని అడగడం. మళ్ళీ ఉందండీ, నాలుగు ఉంది.

గోడకి తల కొట్టుకున్నట్టుంది డిటెక్టివ్‌కి. అక్కడ ఇంకో నలుగురిని అడిగింది, అదే పాట. గడియారం పావుతక్కువ పన్నెండు చూపిస్తోంది. పాప ఎన్నో చెంచా పంచదార నీళ్ళు తాగుతోందో.

అప్పుడు ఐదు అక్క పక్కకి తిరిగి, చెయ్యి చాపి, "నాలుగూ, సంచుల కట్ట ఇటు పడెయ్యి తల్లీ" అంది.

నాలుగో కౌంటరు దగ్గర ఇరవై ఏళ్ళ పిల్ల నిలబడి ఉంది. నిన్ననే చేరిందట. ఇంకా మిషను మీటలు వెతుక్కుంటోంది. నాలుగూ అనగానే పలికింది, కట్ట అందించింది. ఎవరికీ అందులో వింత లేదు.

డిటెక్టివ్ ఆ పిల్లని చూసింది. నీలం ఏప్రన్. టోపీ. మాస్కు. ఛాతీ మీద 4.

మెల్లగా ఐదు అక్క దగ్గరికి జరిగి, ఈసారి గొంతు తగ్గించింది.

"అక్కా, మంగళవారం సాయంత్రం ఆరు దాకా నాలుగు ఉందన్నావు."

"ఉందమ్మా. ఒట్టు."

"ఏ నాలుగు?"

ఐదు అక్క చేతిలో సబ్బుపొడి డబ్బా మిషను ముందు అలాగే ఆగిపోయింది. మిషను కూతలు పెడుతూనే ఉంది, ఒకటే డబ్బాకి నాలుగుసార్లు బిల్లు పడింది. అవతల ఉన్న కొనేవాడు ఇదేంటని గొణిగాడు. ఆవిడ నెమ్మదిగా మూడింటిని చెరిపేసింది.

"మేమెవ్వరం అబద్ధం చెప్పలేదమ్మా," అంది చివరికి. "నాలుగు ఉందా అని అడిగాడు గద్ద. ఉంది. మీరూ అదే అడిగారు. మనిషి ఉందా అని ఎవరడిగారు?"

తర్వాతంతా గొణుగుడులోనే చెప్పింది. ఇక్కడ నెంబరు కౌంటరుదే కాని మనిషిది కాదట. ఎవరు నిలబడితే వాళ్ళే నాలుగు. ఏళ్ళ తరబడి అలా పిలిచీ పిలిచీ, పక్కనున్నది ఎవరన్నది కళ్ళు చూడ్డం మానేశాయి. ఒకరి బ్యాడ్జి ఒకరు పెట్టుకున్నారని తెలిస్తే అదే రోజు గేటు బయట. పోయినేడు ఒకామె బిడ్డకి జ్వరమని గంటసేపు తోటామెని నిలబెట్టి వెళ్తే ఇద్దర్నీ తీసేశారు. అందుకే చూసినా చూడరు. చూడకపోతే చెప్పే పని ఉండదు.

"మొన్న నేనూ తల తిప్పలేదు," అంది ఐదు అక్క. "నాలుగున్నర గంటల సేపు నా మోచెయ్యి పక్కనే ఉంది. అది ఏ పిల్లో చూడలేదు. చూస్తే బాగుండేదమ్మా." గడ్డంతో సబ్బుల అరల వైపు చూపించింది. "తొమ్మిదిని అడగండి. నేను చెప్పానని మాత్రం అనకండి."

పంచ్ కాగితం మీద రెండో వరుస.

తొమ్మిదో కౌంటరు రద్దీ రోజుల్లోనే తెరుస్తారు. మిగతా రోజుల్లో తొమ్మిది అనే ఆ పిల్ల అరలు సర్దుతుంది, ఆ పనికి మిషను కాపలా లేదు. పెళ్ళి కాలేదు, పాతికేళ్ళుంటాయి, గోళ్ళు మొదలంటా కొరికేసుకుంది. డిటెక్టివ్ పక్కన కూర్చుని తానూ సబ్బులు అందిస్తూ అడిగింది. మొదట నీళ్ళు నమిలింది. నాలుగు వాళ్ళింట్లో పాప రెండు రోజులుగా పాలు ముట్టలేదని చెప్పేసరికి, చేతిలో సబ్బులు కింద పెట్టేసి మోకాళ్ళలో ముఖం దాచుకుంది.

రోజూ ఒంటిగంటా నలభైకి నాలుగు బ్యాడ్జి తీసి తొమ్మిదికి ఇస్తుంది. తొమ్మిది కౌంటరులో నిలబడుతుంది. నాలుగు పై అంతస్తు స్టాకు గది వెనక ఉన్న పాత కోల్డ్‌రూములోకి వెళ్ళి పాలు పిండుకుని, సీసాలో పోసుకుని, పాతిక నిమిషాల్లో వస్తుంది. ఆ కోల్డ్‌రూము పాడై మూడేళ్ళయింది, చల్లదనం లేదు, గొట్టాలు పీకేసిన చోట గోడకి పిడికిలంత కంత ఉంది. ఎవరూ రారు. ఒక్కటే చిక్కు: తలుపుకి లోపలి పిడి ఊడిపోయింది. మూసుకుందంటే లోపల్నించి తీయలేరు, అరిచినా గోడలు మందం, బయటికి వినపడదు. ఫిర్యాదుల పుస్తకంలో మూడుసార్లు రాశారట, పిడి వేయించండి అని. మూడుసార్లూ గద్ద చూశానని సంతకం పెట్టాడు.

మంగళవారం నాలుగు తిరిగి రాలేదు. రెండయింది, మూడయింది. అంతకు ముందు నెల పాపకి ఒళ్ళు వెచ్చబడిందని నాలుగు ఇలాగే వెనక గేటు దారిన ఇంటికి వెళ్ళిపోయింది, ఆ రోజు కూడా సాయంత్రం దాకా తొమ్మిదే నిలబడింది. ఇదీ అంతే అనుకుంది. కౌంటరు వదిలి పైకి వెళ్ళి చూద్దామంటే మిషను అరుస్తుంది.

"తలుపు పడిపోయుంటుందని అనిపించలేదా?"

"పడదు మేడం. అడ్డంగా ఇటుక పెడతాం. ఆ రోజు నేనే వెంట వెళ్ళి పెట్టి వచ్చాను. ఇనప తలుపు తగిలి చప్పుడవుతోందని సోమవారమే నాలుగు ఆ ఇటుకకి వాళ్ళ పాప గుడ్డ చుట్టింది."

డిటెక్టివ్ చేతులు ఆగిపోయాయి. "ఎలాంటి గుడ్డ?"

"పసుప్పచ్చది. బాతులుంటాయి."

ఇంకొక్క మాట కూడా చెప్పింది తొమ్మిది, ఈ రెండు రోజులూ కడుపులో పెట్టుకుని కుమిలిపోతున్నది. సాయంత్రం ఆరూ ఏడుకి ఆమె రెండు బ్యాడ్జిలూ పంచ్ కొడుతుంటే గద్ద చెయ్యి పట్టుకున్నాడు. నిజం చెప్పించాడు, పై గది సంగతితో సహా. పైన నేను చూసుకుంటాను, నువ్వు నోరెత్తకుండా ఇంటికి పో, నీ ఉద్యోగానికి నాదే పూచీ అని, మెట్ల వైపు వెళ్ళాడు. ఐదున్నరకి వెళ్ళిపోయిన మనిషి.

నువ్వు ఐదు అక్క పక్కనే నిలబడు, నేను వచ్చేదాకా ఎవరు పిలిచినా కదలకు అని చెప్పి, డిటెక్టివ్ మెట్ల దగ్గరికి పరుగెత్తింది. పన్నెండూ పది.

మొదటి మెట్టు మీదే గద్ద నిలబడి ఉన్నాడు. పైన మరమ్మతులు జరుగుతున్నాయి, బయటివాళ్ళు వెళ్ళకూడదన్నాడు. ఆమె తప్పుకోమంది. వారంటు ఉందా అన్నాడు. మనిషి ప్రాణానికి వారంటు అక్కర్లేదంది. ఆయన రెండు చేతులూ రెండు వైపుల కటకటాల మీద వేసి, శిక్షణ రోజుల్లో నల్లబల్ల ముందు నిలబడ్డట్టే నిలబడ్డాడు.

"నీ పై అధికారితో మాట్లాడతాను. ఈ సాయంత్రానికి నువ్వు ఏ మూల స్టేషనులో ఉంటావో చూసుకో అమ్మాయ్."

"మాట్లాడండి. అలాగే మీ తలుపు దగ్గరున్న ఇటుక ఎక్కడిదో కూడా ఆయనకి చెప్పండి."

ఆయన నోరు తెరిచాడు. ఏ ప్రశ్నకైనా సిద్ధంగా ఉండే జవాబు ఈసారి రాలేదు. చెత్తలో పారేసి ఉంటే జన్మకి తెలిసేది కాదు. పనికొచ్చే వస్తువు కనపడితే వదిలే అలవాటు లేని మనిషి, అక్కడ దొరికిపోయాడు. కటకటా మీంచి ఒక చెయ్యి జారింది. ఆమె ఆ సందులోంచి దూరి మెట్లెక్కింది. వెనకాల అడుగుల చప్పుడు వినపడుతుందేమోనని రెండుసార్లు తిరిగి చూసింది. ఆయన రాలేదు. అది మంచిదనుకుంది. అక్కడే తప్పు చేసింది.

స్టాకు గదిలో అట్టపెట్టెలు నిలువెత్తున పేర్చి ఉన్నాయి. తనిఖీవాళ్ళ కోసం తుడిచిన నేల మీద దారి కొత్తగా మెరుస్తోంది. చివర్న ఇనప తలుపు. ఆ తుడుపు అందని గుమ్మం దగ్గర నేల మీద ఇటుక ఒరుసుకున్న ఎర్రటి గీత, మూరెడు పొడుగున, పక్కకి లాగినట్టు. దానికి సమానంగా బండి చక్రాల జాడ. బయటి గడియ పైకెత్తి రెండు చేతులా లాగింది. వేడి గాలి, చెమట వాసన, పులిసిన పాల వాసన ఒక్కసారే ముఖాన కొట్టాయి.

గోడ కంత కింద నాలుగు ముడుచుకుని పడి ఉంది. నుదురు చిట్లి నెత్తురు ఎండింది. డిటెక్టివ్ మెడ దగ్గర వేళ్ళు పెట్టింది. కొట్టుకుంటోంది. తలుపు కదిలిన చప్పుడు వినపడి వెంటనే తన బూటు విప్పి తలుపు సందులోకి తోసింది. తర్వాత అంబులెన్సుకి ఫోను చేసింది. ఆ తర్వాత పై అధికారికి చేసి, ఫైలు మూయడం లేదు సార్ అని ఒక్క ముక్క చెప్పి పెట్టేసింది. సంచిలో ఉన్న నీళ్ళు వేలితో ఆ పెదాల మీద తడిపింది.

నాలుగు మెల్లగా కళ్ళు తెరిచింది. ఆమె అడిగిన మొదటి మాట, "పాప తాగిందా?"

"తాగుతుంది. నువ్వు వెళ్ళగానే తాగుతుంది."

చెయ్యి పక్కకి జరిపి, గుడ్డలో చుట్టిన చిన్న సీసా చూపించింది. లోపల అడుగున పాలు విరిగి తేటగా నిలిచాయి. "సగం నేను తాగాను," అంది, తప్పు చేసినట్టు. "దాహం వేసి. సగం దానికి ఉంచాను."

డిటెక్టివ్ ఆ గుడ్డ మళ్ళీ చుట్టింది. ఆ సీసా తీసి భద్రంగా నాలుగు చేతిలోనే పెట్టింది.

తర్వాత తెలిసింది ముక్కలు ముక్కలుగా. బయట ఎవరో బండి తోసుకుపోతుంటే తలుపు పడిపోయింది. అరిచింది. భుజంతో గుద్దింది. గుద్దీ గుద్దీ కాలు జారి పడితే తల తలుపు అంచుకి కొట్టుకుంది. అప్పట్నించీ లేవలేకపోయింది.

"తలుపు ఒకసారి తీశారు," అంది.

"ఎప్పుడు?"

"తెలీదు. మొదటి రోజే. టార్చి వేశారు. కాలితో నన్ను కదిపారు. కళ్ళు తెరుద్దామంటే రెప్పలు రాలేదు. 'రేపు పైవాళ్ళొస్తున్నారు, రేపయ్యాక చూద్దాం' అన్నాడు, తనలో తనే. ఇటుక తీసుకున్నాడు. తలుపు వేసేశాడు."

తలుపు పడింది బండి వల్ల. అది ఎవరూ కావాలని చేసింది కాదు. కాని తీసిన తలుపుని మళ్ళీ వేసిన చెయ్యి ఒకటుంది. చచ్చిందనుకున్నాడు. తనిఖీ రోజున శవం దొరికితే మూడు ఫిర్యాదుల మీద మూడు సంతకాలు బయటపడతాయి. అందుకని శవాన్ని వాయిదా వేశాడు. తనిఖీ అయ్యేసరికి పోలీసు ఫిర్యాదు పడింది, ఫైలు మూసేదాకా దాన్ని కదిపే వీలు లేకపోయింది. ఆ పని చేసి కిందికి దిగి, పదిహేడు మంది చేత నాలుగు ఉందని రాయించాడు. అతను నాలుగుని తాకాడనడానికి సాక్ష్యం ఇప్పుడు ఇద్దరే. ఒకరు ఈ నేల మీద ఉన్నారు. రెండో మనిషి, ఆరూ ఏడుకి అతను స్టోరులోనే ఉన్నాడని చెప్పగల మనిషి...

మెట్ల మీద ఎవరో రొప్పుతూ వచ్చారు. ఐదు అక్క, చేతిలో నీళ్ళ సీసా. పదమూడేళ్ళ ఉద్యోగంలో మొదటిసారి టోకెను లేకుండా కౌంటరు వదిలి వచ్చింది. నాలుగుని చూసి గుమ్మంలోనే కూలబడింది.

"అక్కా, తొమ్మిది ఏది?"

"కిందే ఉందమ్మా. అరల దగ్గర సబ్బులు సర్దుతోంది. వస్తూ వస్తూ చూశాను."

"తొమ్మిదిని చూశావా, టోపీని చూశావా?"

ఐదు అక్క మెట్ల వైపు చూసింది. ఆవిడ ముఖంలోంచి రంగు దిగిపోవడం డిటెక్టివ్ చూసింది. నాలుగు తల ఆమె ఒడిలో ఉంది, అంబులెన్సు ఇంకా రాలేదు, లేవడానికి లేదు. ఐదు అక్క జేబులోంచి ఫోను తీసి అందించింది. స్టోరు పంచ్ పట్టీ స్టాఫు ఫోన్లన్నిటికీ వస్తుంది. పన్నెండూ ఇరవై రెండు, తొమ్మిది, బయటికి. ఆ నిమిషానికి నాలుగు ఇక్కడ కళ్ళు తెరుస్తోంది. అందుకే మెట్ల మీద గద్ద అడుగుల చప్పుడు వినపడలేదు.

"పరుగెత్తు అక్కా," అంది డిటెక్టివ్. "వెనక గేటుకి. నెంబరు పెట్టి పిలవకు. దాని పేరు పెట్టి అరువు."

ఐదు అక్క రెండడుగులు వేసి ఆగిపోయింది. మూడేళ్ళుగా ఆ పిల్ల పక్కన పని చేస్తోంది. వెనక్కి తిరిగింది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"దాని పేరు నాకు తెలీదమ్మా."

ఇది చదువుతున్న అమ్మా, అయ్యా, పుస్తకం పక్కన పెట్టి ఒక్క పని చేసి పెట్టండి. మీరు రోజూ వెళ్ళే స్టోరులో మీకు సంచి అందించే పిల్ల, మీ ఆఫీసులో మూల బల్ల దగ్గర కూర్చునే అమ్మాయి, ఎవరైనా సరే, ఈ మధ్య కనపడటం లేదేమో చూడండి. అడిగితే ఉందండీ అంటారు. నమ్మకండి. లోపలికి వెళ్ళి, ముఖం చూసి, పేరు అడిగి రండి.